బుడిబుడి అడుగుల వెనకాల

(చిన్నపిల్లల తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగం, రికార్డింగ్ విని రాసింది)

అందరికీ నమస్కారం అండి. వెనకాల నించున్నవాళ్ళు ముందుకి రండి, ఇక్కడ కింద చోటుంది. పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నవాళ్ళు, వాళ్ళు దిగుతామని పేచీ పెడితే దింపేయండి, తిరగనివ్వండి, ఏడ్చినా పర్లేదు, నా దగ్గర మైక్ ఉంది కదా. ఈ వయసు పిల్లల్ని గంటసేపు కదలకుండా పట్టుకోమని మిమ్మల్ని అడగడం నాకిష్టం లేదు.

నేను ఇవాళ మాట్లాడేది నడక వచ్చిన దగ్గర్నుంచి మూడేళ్ళు నిండేదాకా ఉన్న పిల్లల గురించి, వాళ్ళని బయటికి, అంటే చెట్లూ మట్టీ పురుగులూ ఉన్నచోటికి తీసుకెళ్ళడం గురించి. తీసుకెళ్ళడం అన్నాను చూడండి, ఆ మాటే నాకు అంత నచ్చదు, ఎందుకో కాసేపట్లో చెప్తా. చిన్నపిల్లల బడిలో చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నా, రోజూ పిల్లలతో తోటలో తిరుగుతా, అయినా ఈ విషయం నాకు ముందుగా అర్థమైంది మా ఇంటి గేటు పక్కన గోడ దగ్గర.

మా పాపకి అప్పుడు ఏడాదిన్నర. ఒకరోజు సాయంత్రం పార్కుకి బయల్దేరాం, పెద్దవాళ్ళ నడకలో ఐదు నిమిషాలు కూడా పట్టదు. నీళ్ళ సీసా, టోపీ, ఒక జత బట్టలు అన్నీ సర్దుకుని నేను హడావుడిగా గేటు తీశా, తను రెండడుగులేసి గోడ వారన గొంతుక్కూర్చుంది. "పద పద, అక్కడ జారుడుబండ ఉంది" అన్నా. వినలేదు. ఇంకోసారి అన్నా, చెయ్యి పట్టుకుని లేపబోయా, చెయ్యి లాగేసుకుంది. ఏముందా అని అప్పుడు వంగి చూశా. చీమలబారు. గోడ మొదట్లో చిన్న పగుల్లోంచి వస్తున్నాయి, ఏదో పురుగు రెక్క ఒకటి ఈడ్చుకెళ్తున్నాయి, ఆ రెక్క నిలువుగా లేచి పడవ తెరచాపలా అటూ ఇటూ ఊగుతోంది, కింద నాలుగైదు చీమలు పట్టుకున్నాయి, ఒకటేమో ఎదురువైపు లాగుతోంది. మా పాప నోరు తెరుచుకుని చూస్తోంది. రెక్క వెళ్ళి ఒక గులకరాయికి తగులుకుని ఆగిపోయింది. "అమ్మా" అంది, నా మోకాలు గట్టిగా పట్టుకుంది. నేనూ కింద కూర్చున్నా. చీమలు ఆ రెక్కని కాస్త వెనక్కి లాగి, తిప్పి, రాయి పక్కనుంచి తీసుకెళ్ళిపోయాయి. అది చూశాక తను ఏం చేసిందంటే చూపుడువేలితో ఆ బారుకి అడ్డంగా నేల మీద బరికింది. వచ్చే చీమలు అక్కడిదాకా వచ్చి ఆగిపోయాయి, కొన్ని వెనక్కి తిరిగాయి, కొన్ని అటూ ఇటూ వెతుక్కున్నాయి, కాసేపటికి ఒకటి దాటింది, దాని వెనక ఇంకోటి, మళ్ళీ బారు కుదిరింది. మళ్ళీ బరికింది. మళ్ళీ కుదిరింది.

చీమలు నడిచేటప్పుడు నేల మీద ఒకరకం వాసన వదుల్తాయి, వెనకొచ్చేవి తలమీదుండే మీసాల్లాంటివాటితో ఆ వాసన పట్టుకుంటూ వస్తాయి, మనం వేలితో తుడిచేస్తే అక్కడ వాటి దారి తెగిపోయినట్టే. ఏడాదిన్నర పిల్లకి ఇవేవీ తెలీదు, కానీ వేలు పెడితే ఏదో జరుగుతోందని పట్టుకుంది, నాలుగైదుసార్లు పెట్టి చూసుకుంది. ఆ రోజు మేం పార్కుకి వెళ్ళనేలేదు. చీకటి పడేదాకా అక్కడే ఉన్నాం. రాత్రి పడుకోబోతూ, లైట్ తీసేశాక, "తీమ" అంది. అంతకుముందు తన నోట ఆ మాట లేదు.

అందుకే తీసుకెళ్ళడం అనే మాట నాకు నచ్చనిది. తీసుకెళ్ళడం అంటే ఎక్కడికో ఒకచోటికి చేర్చడం కదా, ఈ వయసు వాళ్ళకి చేరాల్సిన చోటంటూ ఏదీ ఉండదు. మనం చెయ్యాల్సింది వాళ్ళ వెనకాల వెళ్ళడం. వినడానికి చాలా చిన్నమాటలా ఉంటుంది, చెయ్యడానికి కూర్చుంటే మాత్రం కష్టం, ఎందుకంటే మన కాళ్ళు మన మాట వినవు, మన బుర్రలో గడియారం ఆగదు, ఇంట్లో పనులు గుర్తొస్తుంటాయి.

కొంతమంది అంటారు, మావాడు అసలు నడవడండి, రెండడుగులకే ఆగిపోతాడు, బద్ధకం అని. బద్ధకం కాదండి. న్యూయార్క్ యూనివర్సిటీలో కారెన్ అడాల్ఫ్ అనే ఆవిడ పిల్లల నడక మీదే ఏళ్ళ తరబడి పనిచేస్తున్నారు. 2012లో వాళ్ళ టీమ్ 12 నుంచి 19 నెలల పిల్లల్ని వాళ్ళ ఇష్టానికి ఆడుకోనిచ్చి లెక్కపెట్టారు. గంటకి సగటున 2,368 అడుగులు, 17సార్లు పడటం. గంటకి 17సార్లు పడి, లేచి, అన్ని అడుగులేసే మనిషిని బద్ధకస్తుడని ఎలా అంటాం. వాళ్ళు నడుస్తారు, చాలా నడుస్తారు, మనం అనుకున్న వైపు తిన్నగా నడవరు అంతే. ఇటు పోతారు, ఆగుతారు, వెనక్కొస్తారు, ఒక పుల్ల తీస్తారు, పారేస్తారు, మళ్ళీ అదే పుల్ల కోసం పోతారు. అది చూసి మనకి విసుగొస్తుంది, కానీ వాళ్ళు ఆ పని మీదే ఉన్నారు.

ఇంకోటి ఎత్తు. ఏడాదిన్నర పిల్ల ఎత్తు సుమారు 80 సెంటీమీటర్లు, అంటే కళ్ళు నేల నుంచి 70 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటాయి. ఇంటికెళ్ళాక ఒకసారి మీరు మోకాళ్ళ మీద కూర్చుని, ఇంకొంచెం వంగి, ఆ ఎత్తు నుంచి మీ వాకిలి చూడండి. మనం "అదిగో చూడు కొండ, అదిగో చూడు ఎంత పెద్ద చెరువో" అని చూపిస్తాం, వాళ్ళ కంటికి ముందు కనిపించేది గడ్డి, గడ్డి మొదట్లో నత్త, చెట్టు బోదె మీద బెరడు, బెరడు సందులో సాలెగూడు. మనం ఎప్పుడో చూడ్డం మానేసినవన్నీ వాళ్ళకి సరిగ్గా మొహం ముందుంటాయి. అందుకే నేను బయట పిల్లలతో ఉన్నప్పుడు వీలైనంతవరకూ కూర్చునే ఉంటా, ప్యాంటు మోకాళ్ళ దగ్గర ఎప్పుడూ మట్టే.

ఇక మాటల గురించి. ఇది కొంచెం ఎక్కువసేపు చెప్తా, ఎందుకంటే నాకు చాలా ఇష్టమైన విషయం ఇది.

బయటికి వెళ్ళగానే మనం చేసే మొదటి పని ప్రశ్నలు అడగడం. ఇదేంటి చెప్పు, ఇదేం రంగు, ఎన్ని ఉన్నాయి, కాకి ఎలా అరుస్తుంది చెప్పు నాన్నా. పాపం వాడు ఇంకేదో చూస్తుంటాడు. 1986లో మైకేల్ టొమసెల్లో, ఫరార్ అనే ఇద్దరు పరిశోధకులు ఏడాదిన్నర లోపు పిల్లలకి కొత్త మాటలు రెండు రకాలుగా నేర్పి చూశారు. ఒక పద్ధతిలో బిడ్డ అప్పటికే చూస్తున్న వస్తువుకి పేరు చెప్పారు, రెండో పద్ధతిలో బిడ్డ చూపుని తమవైపు తిప్పుకుని ఇంకో వస్తువు చూపించి పేరు చెప్పారు. మొదటి పద్ధతిలో చెప్పిన మాటలే బాగా పట్టుబడ్డాయి. ఇంట్లో అమ్మమ్మలు, నాయనమ్మలు ఈ పని ఎవరూ చెప్పకుండానే చేస్తారు, పిల్ల ఎటు చూస్తే అటు చూసి "ఓహో ఉడతా, ఉడతొచ్చిందా" అంటారు. అంతే కావాల్సింది. వాళ్ళు వేలు చూపిస్తారు, మనం పేరు పెడతాం. వాళ్ళు వేలు చూపించకపోతే కాసేపు ఊరుకుంటాం. ఊరుకోవడం కూడా పనే, పది అంకెలు మనసులో లెక్కపెట్టండి, ఆ లోపల వాళ్ళే ఏదో ఒకటి అంటారు.

పేర్లే కాదండి, మన తెలుగులో ఒక సంపద ఉంది, దాన్ని మనం పిల్లల దగ్గర వాడుకోవట్లేదని నా బాధ. ఎండుటాకుల మీద నడిస్తే కరకర. గాలికి ఆకులు రెపరెప. చినుకులు టపటప, ఇంకా పెరిగితే జలజల. చూరు నుంచి నీళ్ళు బొటబొట. ఉడత సర్రున ఎక్కేసింది. పిట్ట తుర్రుమంది. బురదలో కాలు పసుక్కున దిగింది. కప్ప బుడుంగున మునిగింది. ఇవి ఎంత బావుంటాయో చూడండి, మాట అనగానే ఆ పని కళ్ళముందు జరుగుతుంది, పైగా చాలావాటిలో ఒకే చప్పుడు రెండుసార్లు వస్తుంది కాబట్టి పిల్లల నోటికి ఇట్టే పట్టుబడతాయి. మా బడికి ఒక బాబు వచ్చేవాడు, రెండేళ్ళు దాటినా నాలుగైదు మాటలకి మించి లేవు, వాళ్ళమ్మ చాలా దిగులుపడేది, డాక్టర్‌కి చూపిస్తున్నారు కూడా, అది తప్పకుండా చెయ్యాల్సిందే. వాడు ఒక వానరోజు వరండా అంచున కూర్చుని చెయ్యి చాపి చూరు నీళ్ళు పట్టుకుంటూ, నేను పక్కన కూర్చుని "టప్... టప్... టప్" అంటుంటే, నాలుగో చుక్కకి వాడే "తప్" అన్నాడు. తర్వాత చుక్క కోసం ఆగాడు. పడింది. "తప్." అలా ఆ మధ్యాహ్నమంతా వాడు చుక్కలకి పేరు పెడుతూనే ఉన్నాడు. వాళ్ళమ్మ తీసుకెళ్ళడానికి వస్తే ఆవిడ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి చూరు కింద పెట్టి "తప్" అన్నాడు. ఆవిడ ఏడ్చేసింది. దానితో మాటలన్నీ వచ్చేశాయని చెప్పను, రాలేదు, ఇంకా చాలా టైమ్ పట్టింది, కానీ ఆ రోజు ఆ మాట వాడి సొంతం.

రంగులు, అంకెలు, ఇంగ్లీషు పేర్లు, వీటికి తొందర లేదు. బయట పురుగు చూస్తున్న పిల్లకి ఫోన్‌లో అదే పురుగు బొమ్మ తీసి చూపించేవాళ్ళని కూడా చూశాను, దయచేసి వద్దు.

తర్వాత మన మొహం గురించి. దీన్ని నేను నా తప్పు వల్ల నేర్చుకున్నా.

ఈ వయసు పిల్లలకి మొక్కలంటే కొంచెం బెదురు ఉంటుందండి, చాలామంది గమనించరు. మావాడు గడ్డిలో దింపితే కాళ్ళు పైకి లాగేసుకుంటాడు, సున్నితం ఎక్కువ అంటారు. యేల్ యూనివర్సిటీలో యానీ వెర్ట్జ్, కారెన్ విన్ అనే ఇద్దరు 2014లో 8 నుంచి 18 నెలల పిల్లల ముందు మొక్కలు పెట్టారు, వేరే వస్తువులు పెట్టారు. మొక్కల్ని ముట్టుకోడానికి పిల్లలు ఎక్కువసేపు తటపటాయించారు. ఆలోచిస్తే సబబే కదా, మొక్కకి ముళ్ళుండొచ్చు, విషం ఉండొచ్చు, చూస్తే తెలీదు. తర్వాత వెర్ట్జ్ ఇంకొకరితో కలిసి చేసిన పనిలో ఇంకోటి కూడా తేలింది, మొక్కని ముట్టుకునే ముందు పిల్లలు పక్కనున్న పెద్దవాళ్ళ మొహం వైపు ఎక్కువగా చూస్తారని. అంటే వాళ్ళు మనల్ని అడుగుతున్నారు. నోటితో కాదు, చూపుతో. ముట్టుకోనా?

పాత ప్రయోగం ఒకటుంది, 1985 నాటిది. ఒక బల్ల, సగం దూరం పోయాక కింద లోతు ఉన్నట్టు కనిపిస్తుంది, పైన గట్టి గాజు ఉంటుంది కాబట్టి పడరు. ఏడాది వయసు పిల్లల్ని ఒక వైపు వదిలి తల్లుల్ని రెండో వైపు నిలబెట్టారు. తల్లి నవ్వు మొహం పెడితే 19 మందిలో 14 మంది పిల్లలు దాటి వచ్చేశారు. తల్లి భయం మొహం పెడితే 17 మందిలో ఒక్కళ్ళు కూడా దాటలేదు. ఒక్క మాట కూడా అనలేదండి, మొహం మాత్రమే.

ఇప్పుడు నా సంగతి. పాపకి రెండేళ్ళు నిండుతున్నప్పుడు, రాత్రంతా వాన పడి పొద్దున్న తెరిపిచ్చింది, గట్టు మీద వానపాములు బోలెడు. తను ఒకదాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని నావైపు చాపింది, మొహం వెలిగిపోతోంది. నేను ఏ ఆలోచనలో ఉన్నానో, "ఛీ! పడెయ్" అని అరిచాను. పడేసింది. చెయ్యి గౌనుకి తుడుచుకుంది. ఏడవలేదు. ఆ తర్వాత ఎక్కడ వానపాము కనిపించినా నా కొంగు పట్టుకుని వెనక్కి నక్కి "ఛీ" అనేది. గొంగళిపురుగుని చూసి ఛీ, నత్తని చూసి ఛీ. ఒక్కసారి అన్న మాట, ఒక్క క్షణం పెట్టిన మొహం.

దాన్ని వెనక్కి తీసుకోడానికి నాకు ఒక వానాకాలం మొత్తం పట్టింది. ప్రతి వాన తర్వాతా నేనే వెళ్ళి గట్టు మీద కూర్చుని, అరచెయ్యి తడి చేసుకుని, వానపాముని చేతిలోకి తీసుకునేదాన్ని. తడి ఎందుకంటే వానపాముకి ఊపిరితిత్తులు ఉండవు, చర్మంతోనే గాలి పీలుస్తుంది, చర్మం తడిగా ఉంటేనే అది బతుకుతుంది, పొడి చెయ్యి దానికి బాధ. నాకూ మొదట్లో ఒళ్ళు జలదరించేది, నిజంగానే చెప్తున్నా, కానీ రెండుమూడు సార్లయ్యాక పోయింది. అది అరచేతిలో ముందు సన్నగా సాగుతుంది, తర్వాత వెనక భాగాన్ని దగ్గరికి లాక్కుని లావవుతుంది, మళ్ళీ సాగుతుంది, ఆ కదలిక చర్మానికి కొంచెం గరుకుగా తెలుస్తుంది, ఎందుకంటే దాని ఒంటి కింద కంటికి కనపడనంత చిన్న ముళ్ళలాంటివి ఉంటాయి, వాటితోనే నేలని పట్టుకుంటుంది. అదంతా నాలో నేను చెప్పుకుంటున్నట్టు పైకి చెప్పేదాన్ని, తనని రమ్మనలేదు. మూడోసారో నాలుగోసారో దగ్గరకొచ్చింది. ఇంకో వానకి నా మణికట్టు మీద చెయ్యి వేసింది. ఆ తర్వాత ఎప్పుడో ఒకరోజు ఒక్క వేలు చాపి, తాకీ తాకనట్టు తాకి, నా మొహంలోకి చూసింది. నేను నవ్వాను. తనూ నవ్వింది. తర్వాత దాన్ని ఇద్దరం కలిసి నీడలో తడి మట్టి మీద వదిలేశాం, ఎండ గట్టు మీద వదిలేస్తే ఎండిపోయి చచ్చిపోతుంది.

కాబట్టి భయం ఉన్నవాళ్ళు భయం లేనట్టు నటించక్కర్లేదు, పిల్లలు పట్టేస్తారు. కొంచెం దూరంగా కూర్చుని "అబ్బ ఎలా పాకుతోందో చూడు" అనండి చాలు. ఛీ అనే మాటొక్కటి నాలుక చివర ఆపుకోండి. ఏదైనా నిజంగా ప్రమాదమైతే, కందిరీగల గూడో, తేలో, అప్పుడు గట్టిగానే "ఆగు" అనాలి. ఆ "ఆగు"కి విలువ ఉండాలంటే మిగతాచోట్ల దాన్ని వాడేయకూడదు, రోజుకి వందసార్లు వద్దు వద్దు అంటే నూటొకటోది వాళ్ళకి వినపడదు.

అవునమ్మా, చెప్పండి, ఆ మూల ఆకుపచ్చ చీర... నోట్లో పెట్టుకుంటాడా? అందరి పిల్లలూ పెట్టుకుంటారు, మంచి ప్రశ్న అడిగారు, మీకు వినపడిందా అందరికీ, మట్టి, రాళ్ళు అన్నీ నోట్లో పెట్టుకుంటాడు ఏం చెయ్యాలి అంటున్నారు. చిటికెడు మట్టి నాకితే కంగారు పడక్కర్లేదు, తుడిచేయండి. కానీ ఇందులో నిజంగా భయపడాల్సినవి కొన్ని ఉన్నాయి, వాటి దగ్గర మాత్రం నేను చాలా కచ్చితం. ఒకటి, గొంతుకి అడ్డుపడేవి. సుమారు 3 సెంటీమీటర్ల కంటే సన్నగా ఉన్న రాయైనా గింజైనా మూడేళ్ళ లోపు పిల్లల చేతికి మనం ఇవ్వకూడదు, వాళ్ళకే దొరికితే మనం పక్కనే ఉండాలి. వాళ్ళకి పిడికిలి కంటే పెద్ద రాళ్ళివ్వండి, మోసుకెళ్ళడం వాళ్ళకి ఇంకా ఇష్టం. రెండు, మొక్కలు. గన్నేరు ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషమే. ఉమ్మెత్త అంతే. ఆముదం గింజలు, గురివింద గింజలు, ఇవి చూడ్డానికి అందంగా ఉంటాయి, చాలా ప్రమాదం. మీరు రోజూ తిరిగే చోట ఏ మొక్కలున్నాయో ముందు మీరు తెలుసుకోండి, తెలిసినవాళ్ళని వెంటబెట్టుకుని ఒకసారి తిరగండి, పిల్లాడికి మాత్రం "అడక్కుండా ఏదీ నోట్లో పెట్టుకోం" అనే ఒక్క మాట రోజూ చెప్పండి, అర్థమవుతుందా లేదా అని చూడకండి, చెప్తూనే ఉండండి. ఏదైనా మింగాడని అనుమానం వస్తే కక్కించడానికి చూడకండి, ఆ మొక్క ముక్క పట్టుకుని నేరుగా ఆసుపత్రికి వెళ్ళండి.

మూడోది నీళ్ళు. నాలుగైదు సెంటీమీటర్ల నీళ్ళలో కూడా ఈ వయసు పిల్లలు మునిగిపోతారు, తల బరువెక్కువ, ముందుకి పడితే లేవలేరు, పైగా అరవరు, చప్పుడే ఉండదు. గుంట అయినా కాలవ అయినా, నీళ్ళ దగ్గర మీ చెయ్యి వాళ్ళకి అందేంత దూరంలో ఉండాలి, ఫోన్ సంచీలోనే ఉండాలి. ఎండ సంగతి మీకు తెలుసు, పిల్లల ఒళ్ళు మనకంటే తొందరగా వేడెక్కుతుంది, పొద్దున్నో సాయంత్రమో వెళ్ళండి, ఇనప జారుడుబండని మీ చేత్తో ముట్టుకుని చూశాకే ఎక్కించండి. భయం గురించి ఇంతే, ఇక చాలు.

మట్టి అన్నారు కాబట్టి ఒకటి చెప్తా. ఫిన్లాండ్‌లో 2020లో వచ్చిన పరిశోధన ఒకటుంది, అక్కడ కొన్ని పిల్లల సంరక్షణ కేంద్రాల్లో ఆవరణంతా కంకర, దాని మీద అడవిలోంచి తెచ్చిన నేలని, గడ్డిని పరిచారు, పిల్లలు రోజూ అందులో ఆడుకున్నారు. ఆ పిల్లలు 3 నుంచి 5 ఏళ్ళవాళ్ళు, మన పిల్లలకంటే కొంచెం పెద్ద. 28 రోజులకే వాళ్ళ చర్మం మీద ఉండే సూక్ష్మజీవుల్లో రకాలు పెరిగాయి, రక్తంలో రోగనిరోధక శక్తికి సంబంధించిన కొన్ని గుర్తులు కూడా మంచివైపు మారాయి. మట్టిలో ఆడితే జబ్బులే రావు అని దానర్థం కాదు, ఇంటికొచ్చాక సబ్బుతో చేతులు కడగాలి, కుక్కలూ పిల్లులూ మలం పోసే ఇసకలో కూర్చోబెట్టకూడదు. కానీ మట్టి అంటిందని బెంబేలెత్తిపోవాల్సిన పనిలేదు.

ఎక్కడికి వెళ్ళాలి, మా చుట్టూ అడవుల్లేవు, అపార్ట్‌మెంట్‌లో ఉంటాం అంటారు. అడవి అక్కర్లేదండి. ఒక చెట్టు చాలు. మధ్యాహ్నం దాటాక ఆకులు గుబురుగా ఉన్న చెట్టు కింద నిలబడండి, నేల మీద గుండ్రంగా ఎండ బిళ్ళలు పడుంటాయి. ఆకుల సందులు గుండ్రంగా ఉండవు కదా, మరి బిళ్ళలు ఎందుకు గుండ్రంగా ఉన్నాయి? ఆ ఒక్కో బిళ్ళ సూర్యుడి బొమ్మ, చిన్న సందులోంచి వచ్చిన వెలుగు సూర్యుడి ఆకారాన్నే కింద గీస్తుంది, పాక్షిక సూర్యగ్రహణం రోజున ఇవే బిళ్ళలు నెలవంకల్లా మారిపోతాయి. ఇది మీకు, పిల్లలకి కాదు. పిల్లలకి ఏం కావాలంటే, మా బడిలో ఒక చిన్నది వంగి ఆ బిళ్ళని ఏరబోయింది. గోళ్ళతో గీకింది, రాలేదు. అరచెయ్యి దాని మీద వేసి గట్టిగా నొక్కిపెట్టింది, దొరికిందనుకుంది, చూస్తే బిళ్ళ చేతి వెనకాల మీదుంది. చెయ్యి తీసి చూసుకుంది, కింద ఉంది. మళ్ళీ వేసింది, పైనుంది. అప్పుడు గాలి వీచి బిళ్ళలన్నీ కదిలిపోయాయి, ఆ పిల్ల కేరింతలు కొడుతూ వాటి వెనకాల పరుగు. దీనికి ఏ బొమ్మ సాటి వస్తుంది చెప్పండి.

అత్తిపత్తి మొక్క మీకు దగ్గర్లో ఉంటే అదృష్టవంతులు, ముట్టుకుంటే ముడుచుకుంటుంది, ఆకుల మొదట్లో ఉన్న కణాల్లోంచి నీళ్ళు చటుక్కున బయటికి పోవడం వల్ల అలా వాలిపోతుంది, కొన్ని నిమిషాలకి మళ్ళీ విచ్చుకుంటుంది, ఆ నిమిషాలు పిల్లలు ఆగడం నేర్చుకుంటారు. కాడకి ముళ్ళుంటాయి, చూసుకోండి. రోకలిబండ అనే పురుగు ముట్టుకుంటే చుట్టచుట్టుకుంటుంది, కొన్ని రకాలు ఘాటైన రసం వదుల్తాయి, అందుకని పుల్లతో తాకించి చేతులు కడిగించండి. నత్తకి కళ్ళు పొడుగు కొమ్ముల చివర ఉంటాయి, నీడ పడితే లోపలికి లాక్కుంటుంది. రాత్రయితే చందమామ ఉండనే ఉన్నాడు.

ఒకే చోటికి రోజూ వెళ్ళమంటాను నేను. పెద్దవాళ్ళకి బోర్, పిల్లలకి అదే కావాలి. పియాజే అనే స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త తన ముగ్గురు పిల్లల్ని పక్కన కూర్చుని రాసుకుంటూ గమనించాడు, ఏడాది నుంచి ఏడాదిన్నర మధ్యలో పిల్లలు ఒకే పనిని కొంచెం కొంచెం మార్చి మళ్ళీ మళ్ళీ చేస్తారని, వస్తువుని ఈసారి ఇక్కడ్నుంచి వదిలితే ఏమవుతుంది, అక్కడ్నుంచి వదిలితే ఏమవుతుంది అని. గుంటలో రాయి వేయడం ముప్పైసార్లు చేస్తున్నాడంటే ముప్పై కొత్త సంగతులు చూస్తున్నాడు, పెద్ద రాయి, చిన్న రాయి, ఆకు, ఆకు మునగలేదు, ఎందుకు మునగలేదు. నిన్న మొగ్గగా ఉన్నది ఇవాళ పువ్వయింది అని తెలియాలంటే నిన్న కూడా అదే మొక్క దగ్గరికి వెళ్ళుండాలి కదా.

ఎంతసేపు అని అడుగుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది, ఒకటి రెండేళ్ళ పిల్లలకి రోజు మొత్తంలో కలిపి కనీసం 180 నిమిషాలు ఒంటికి కదలిక ఉండాలని, స్ట్రోలర్‌లో ఒక్కసారికి గంటకి మించి కట్టిపెట్టొద్దని, ఏడాది పిల్లలకి స్క్రీన్ వద్దే వద్దని, రెండేళ్ళు దాటితే గంటలోపేనని. 180 నిమిషాలూ బయటే అని కాదు. ఉద్యోగాలు చేసేవాళ్ళున్నారు ఇక్కడ, అలిసిపోయి ఇంటికొస్తారు, నాకు తెలుసు. రోజుకి ఇరవై నిమిషాలు, గేటు బయట, చేతులు ఖాళీగా. అది నేను అందరినీ అడిగేది. ఆ ఇరవై నిమిషాల్లో ఫోటో ఒక్కటి తీసుకోండి, తప్పులేదు, తీసుకుని లోపల పెట్టేయండి. పిల్ల తల తిప్పి మీకు చూపించబోయే క్షణం ఒకటి వస్తుంది, అప్పుడు తనకి మీ కళ్ళు కనపడాలి.

చివరి ప్రశ్న, ఆ బాబు వాళ్ళ నాన్నగారు చెప్పండి... ఇంటికి రానని నేల మీద పడి ఏడుస్తాడు. అవునండి, ఏడుస్తారు, అంత మంచి పని మధ్యలో ఆపమంటే ఎవరికైనా ఏడుపొస్తుంది. నేను చేసేది చెప్తా. "ఐదు నిమిషాల్లో వెళ్దాం" అంటే వాళ్ళకి అర్థం కాదు, "ఇంకా మూడు రాళ్ళు వేసి వెళ్దాం" అంటే అర్థమవుతుంది. మూడూ వేశాక ఒక్కోదానికీ టాటా చెప్పిస్తా, చీమలకి టాటా, గుంటకి టాటా, చెట్టుకి టాటా, కొంతమంది చెట్టుని ముద్దు పెట్టుకుంటారు కూడా. ఒక్క వస్తువు వెంట తెచ్చుకోనిస్తా, ఒక్కటే, ఆకో పుల్లో పెద్ద రాయో, అది పట్టుకుని నడుస్తూ ఉంటే చేతికి పనుంటుంది, ఏడుపు కాస్త తగ్గుతుంది. అయినా ఏడిస్తే ఎత్తుకుని వచ్చేయండి, కోప్పడకండి, దారిపొడుగునా "నీకు ఇంకా ఉండాలనుంది కదా" అంటూ రండి. మా ఇంటి కిటికీ గట్టు మీద అలా తెచ్చిన రాళ్ళు ఇప్పటికీ ఉన్నాయి, మా పాప ఇప్పుడు పెద్ద బళ్ళో చదువుతోంది, దుమ్ము దులపడానికి నేను వాటిని తీస్తే మళ్ళీ ఏది ఎక్కడుండాలో అక్కడ తనే సర్దుతుంది.

సరే, అదిగో తలుపు దగ్గర ఒక బాబు ఇప్పటికే చెప్పులు చేత్తో పట్టుకుని నించున్నాడు. కుర్చీలు తర్వాత సర్దుకోవచ్చు. పదండి, వాడు ఎటెళ్తే అటు వెళ్దాం.